ఎకో ఎవరింట్లో పుడుతోంది

"హలో... హలో... వినబడుతోందా?" అనే మాట ఆ రెండు నెలల్లో నేను ఎన్నిసార్లు అని ఉంటానో లెక్కపెడితే, నా నాటికలో ఉన్న మొత్తం డైలాగులకంటే ఎక్కువే తేలుతుంది.

నాటిక పేరు 'ఖాళీ లారీ'. రాసింది నేను, ఆడించేది నేను, అందులో డ్రైవరు వేషం కూడా నాదే. అమలాపురం పక్కనుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి దువ్వాడలో స్థిరపడి ఇరవై రెండేళ్ళయింది. ఈ ఇరవై రెండేళ్ళూ ఇంకొకళ్ళు రాసిన నాటికలే ఆడించాను. భీమశంకరరావు రాసిన నాటిక అంటూ పరిషత్తు పోటీలకి ఎంపిక కావడం అదే మొదటిసారి. 2008 ఏప్రిల్ మొదట్లో ఉత్తరం వచ్చింది. జూన్ రెండో ఆదివారం ప్రదర్శన. ఆ ఉత్తరాన్ని మా ఆవిడ నాగమణికి మూడుసార్లు చదివి వినిపించాను. నాలుగోసారికి ఆవిడ పప్పు మాడుతోందని లేచి వెళ్ళిపోయింది.

కథ చిన్నది. లారీలు తూచే కాటా దగ్గర ఒక గుమాస్తా ఉంటాడు. నిండు లారీని ఖాళీ లారీగా రాసెయ్యమని కాంట్రాక్టరు ఒత్తిడి చేస్తాడు. గుమాస్తా రాయనంటాడు. కూతురు భయపడి, రాసెయ్యి నాన్నా, అని బతిమాలుతుంది. అంతే, నలభై నిమిషాలు. కాంట్రాక్టరు వేషం రమణమూర్తిది. అతను ద్వారకానగర్‌లో ఒక ప్రెస్సులో పుస్తకాలు కంపోజ్ చేస్తాడు. కూతురు వేషం శ్రీసత్యది. సీతమ్మధారలో ఒక క్లినిక్కులో పేషెంట్ల పేర్లు రాసుకుని లోపలికి పంపే ఉద్యోగం ఆవిడది. ఇక నాటిక మొత్తం మోసే గుమాస్తా వేషం గురునాథరావుది.

నా కోపంలో ముప్పాతిక భాగం ఈ గురునాథరావు ఖాతాలోకే వెళ్ళాలి.

భీమిలి అవతల ఒక పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం అతనిది. పాతికేళ్ళ కిందట పోర్టులో ఓడలు బాగుచేసే ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాడు. ఓడ కడుపులోకి దిగి, ఇనప గోడలకి పట్టిన తుప్పుని సుత్తులతో కొట్టి రాల్చే పని. ఇప్పుడు ఆ గుంపుకి ఫోర్‌మన్. పూర్ణా మార్కెట్ వెనక సందులో ఇల్లు. గొంతు విప్పాడంటే చివరి వరసలో కునుకు తీసేవాడు కూడా లేచి కూర్చుంటాడు. మేమిద్దరం కలిసి తొమ్మిది నాటికలు ఆడాం. అలాంటి మనిషికి ఫోర్‌మన్ అయిన దగ్గర్నుంచీ, అంటే మూడేళ్ళుగా, కళ్ళు నెత్తికెక్కాయి. ఓసారి పూర్ణా మార్కెట్లో నాలుగడుగుల ముందు నడుస్తుంటే పేరుపెట్టి మూడుసార్లు పిలిచాను. తల కూడా తిప్పలేదు. ఉల్లిపాయలమ్మే ఆవిడ నావైపు జాలిగా చూసింది.

రిహార్సల్స్‌లోనూ అదే తంతు. ఎదుటివాడి డైలాగులో చివరి మాటని మేం క్యూ అంటాం. అది పడగానే అందుకోవాలి. గురునాథం అందుకోడు. రమణమూర్తి ప్రేక్షకుల వైపు తిరిగి తన డైలాగు చెప్పి ఆగుతాడు, గురునాథం గోడవైపు చూస్తూ నిలబడతాడు. "నీకేమైనా చెవుడా?" అని నేను గట్టిగా కేకేస్తే అప్పుడు ఉలిక్కిపడి మొదలుపెడతాడు. మొదలుపెట్టాక అద్భుతం. కానీ ఆ ఖాళీలో నాటిక చచ్చిపోతోంది కదా!

ఏప్రిల్‌లో మొదటి రిహార్సల్‌లోనే ఆరు క్యూలు వదిలేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇదిగో గురునాథం, ఇది నేను రాసిన నాటిక. నాకు ఇంకోటి రాయగలిగే వయసు లేదు. ఇలాగే ఉంటే ఆ వేషం రమణమూర్తికి ఇచ్చేస్తాను. కాంట్రాక్టరుకి ఎవర్నో ఒకర్ని వెతుక్కుంటాను" అన్నాను అందరిముందూ.

రమణమూర్తికి గుమాస్తా డైలాగులు కూడా నోటికి వచ్చని అందరికీ తెలుసు. గురునాథం మొహం ఎర్రబడింది.

"సూత్తాను బావా. బాగా సేత్తాను" అన్నాడు.

అసలు గొడవ రిహార్సల్‌కి నలుగురూ కలవడం దగ్గరే ఉంది. నాకు ప్లాంటులో మూడు షిఫ్టులు, వారానికొకటి మారుతుంది. గురునాథానికి ఓడ ఎప్పుడొస్తే అప్పుడు పని. శ్రీసత్యకి మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి అయిదు వరకూ క్లినిక్ మూసి ఉంటుంది, అదే ఖాళీ. రమణమూర్తికి ప్రెస్సులో ఓనరు లేనప్పుడు ఖాళీ. ఈ నాలుగు ఖాళీలూ కలిసిన రోజున కూడా నేను దువ్వాడ నుంచి బస్సులో ఊళ్ళోకి రావడానికి గంటన్నర, వెళ్ళడానికి గంటన్నర. మూడు గంటలు బస్సులో కూర్చుని ముప్పావుగంట నాటకం ఆడించేవాణ్ణి.

ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ లాబ్ చూసే మా అమ్మాయి చంద్రిక ఈ అవస్థ నెలరోజులు చూసింది.

"ఎవరింట్లో వాళ్ళు కూర్చుని చేసుకోండి నాన్నా. నలుగురూ ఒకే గదిలో మాట్లాడుకున్నట్టు ఉండే సాఫ్ట్‌వేర్ ఉంది. చాలా చిన్నది. మన డొక్కు కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది."

మా డొక్కులో వైరస్‌లు పడి చస్తున్నాయని అది విండోస్ పీకేసి లినక్స్ అని ఇంకేదో పెట్టింది. రమణమూర్తి ప్రెస్సులో ఉన్నది ఆపిల్ కంప్యూటర్. క్లినిక్కులో విండోస్. ఎవరి గుర్రం వాళ్ళదైతే ఒకే బండికి ఎలా కడతావే, అన్నాను.

"దీనికి అన్నీ ఒకటే. నెట్ కూడా కొంచెమే తింటుంది. మాట మాత్రమే కదా వెళ్ళాల్సింది, బొమ్మ అక్కర్లేదు" అంది.

గురునాథానికి కంప్యూటర్ లేదు గానీ, వాళ్ళింటి ముందుగదిలో అతని మేనల్లుడు వరహాలు పెళ్ళిళ్ళకీ ఉత్సవాలకీ మైక్‌సెట్లు అద్దెకిచ్చే దుకాణం నడుపుతాడు. పాటలు ఎక్కించుకోవడానికి అక్కడొక కంప్యూటర్, దానికి నెట్ ఉన్నాయి. చంద్రిక ఓ ఆదివారం ఊరంతా తిరిగి నాలుగుచోట్లా ఆ సాఫ్ట్‌వేర్ పెట్టి, మనిషికో హెడ్‌సెట్ ఇచ్చి వచ్చింది.

మొదటిరోజు మధ్యాహ్నం మూడింటికి నేను స్నానం చేసి, బొట్టు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. గంటసేపు జరిగింది ఇదీ. మాట్లాడాలంటే ఒక మీట నొక్కి పట్టుకోవాలి. రమణమూర్తి నొక్కకుండా రెండు పేజీలు చెప్పాడట, మాకు ఒక్క ముక్క వినబడలేదు. శ్రీసత్య నొక్కిన మీట వదలడం మరిచిపోయింది. "నాన్నా, మన బతుకేమవుతుంది నాన్నా" అని ఏడుస్తూ ఏడుస్తూ, "డాక్టరు గారు అయిదింటికి వస్తారండీ, ఏం కంప్లయింటండీ?" అని క్లినిక్ ఫోనులో అడిగింది. గురునాథానికి ఓడ మీద వాకీటాకీ వాడి వాడి అలవాటు. ప్రతి డైలాగు చివరా "ఓవర్" అంటాడు.

"నా చెయ్యి నరికినా సరే, ఖాళీ అని రాయను. ఓవర్."

"ఓవర్ అనకయ్యా!"

"అలాగే బావా. ఓవర్."

తల ప్రాణం తోకకొచ్చింది. పైగా గురునాథం చేతులూపకుండా డైలాగు చెప్పలేడు, చేతులూపితే మీట వదిలేస్తాడు. చివరికి చంద్రిక ఆ మీట బెడదే లేకుండా అందరి మైకులూ ఎప్పుడూ తెరిచి ఉండేలా మార్చింది. అప్పట్నుంచి మాకు శ్రీసత్య క్లినిక్కులో ఫ్యాను కిర్రుమనడం, రమణమూర్తి ప్రెస్సులో మిషన్ల దడదడ, మా ఇంట్లో కుక్కరు విజిళ్ళూ అన్నీ నాటికలో పాత్రలయ్యాయి.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. రెండోవారానికి గురునాథం మారిపోయాడు. ఒక్క క్యూ వదల్లేదు. రమణమూర్తి నోట్లో ఆఖరి మాట పడీపడకముందే అందుకుంటున్నాడు. గొంతులో ఆ పాత ఊపు వచ్చేసింది. శ్రీసత్య ఓసారి నిజంగానే ఏడ్చి, కాసేపు ఆపమంది.

సంతోషించాల్సింది పోయి నాకు ఇంకా మండింది. ఎదురుగా నిలబడి ఆడినప్పుడు ఆరు క్యూలు వదిలినవాడు, ఇంట్లో కూర్చుని ఒక్కటీ వదలట్లేదంటే అర్థమేమిటి? చెయ్యగలడు. ఇన్నాళ్ళూ నామీద చులకనతో చెయ్యలేదు. ఆ మాట నాగమణితో అంటే, "బాగా చేసినా తిట్టేవాణ్ణి మిమ్మల్నే చూశాను" అంది.

ఆ ముచ్చట నాలుగు రోజులే. అప్పటిదాకా లీలగా ఉన్న ఎకో అయిదోరోజు నుంచి పెద్దదైంది.

నేనొక మాట అంటే అరక్షణం ఆగి అదే మాట నా గొంతుతో నా చెవుల్లోకి తిరిగి వస్తుంది. 'లారీ దింపమంటారా బాబూ' అంటాను. 'దింపమంటారా బాబూ' అంటుంది. నన్నెవరో వెక్కిరిస్తున్నట్టు ఉండేది. నా గొంతు అంత కీచుగా ఉంటుందని యాభై రెండేళ్ళు వచ్చేదాకా నాకెవరూ చెప్పలేదు. శ్రీసత్యకీ అదే బాధ, తన ఏడుపు తనకే రెండోసారి వినబడి నవ్వొస్తోందట. రమణమూర్తయితే తన ఎకో ఆగేదాకా ఆగి, అప్పుడు తరవాతి మాట చెప్పేవాడు. నలభై నిమిషాల నాటిక గంటంపావు అయింది.

చంద్రిక వచ్చి వింది.

"ఎవరో హెడ్‌సెట్ పెట్టుకోకుండా స్పీకర్లు పెట్టుకున్నారు నాన్నా. మన మాట వాళ్ళ స్పీకర్లోంచి వచ్చి వాళ్ళ మైకులో పడి మళ్ళీ మనకొస్తోంది."

"ఎవరు వాడు?"

"ఎకో ఎవరింట్లో పుడుతుందో వాళ్ళకి మాత్రం వినబడదు. ఎవరు బాగానే ఉందంటారో వాళ్ళే."

వరసగా అడిగాను. శ్రీసత్యకి ఉంది. రమణమూర్తికి ఉంది. నాకు ఉంది.

"గురునాథం, నీకు?"

"నాకేటీ నేదు బావా. బెమ్మాండంగా ఉంది!"

చంద్రిక ఏదో నొక్కి అతని మైకు ఒక్క నిమిషం ఆపింది. ఎకో మాయం. మళ్ళీ తెరిచింది. ఎకో ప్రత్యక్షం. ఇంకేం కావాలి?

"హెడ్‌సెట్ ఇచ్చాం కదయ్యా, ఏం చేశావు దాన్ని?"

"ఉంది బావా. నెత్తి మీదే ఉంది."

"స్పీకర్లు పెట్టుకున్నావా లేదా?"

"కూసింత పెట్టేను" అన్నాడు.

"ఆపు. మిగతా ముగ్గురం నీవల్ల చస్తున్నాం. ఆపు ముందు!"

ఆపాడు. గదిలోంచి ఎవరో వెళ్ళిపోయినంత హాయిగా అయింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం. రమణమూర్తి చెప్పాడు, ఆగాడు. గురునాథం అందుకోలేదు. ఫ్యాను కిర్రుమంటోంది. నేను కేకేశాను, అందుకున్నాడు. రెండో పేజీలో మళ్ళీ అంతే. శ్రీసత్య మెల్లగా చెప్పే డైలాగుకైతే అసలు సంబంధం లేకుండా అయిదో పేజీలోది చెప్పేశాడు. ఆ రోజు తొమ్మిది క్యూలు పోయాయి.

నాకు పట్టలేని కోపం వచ్చింది. స్పీకర్లు ఆపమన్నానని కక్ష కట్టాడనుకున్నాను. నోటికొచ్చినట్టు తిట్టాను. నీకు చెవుడా అన్నాను, పొగరా అన్నాను, నా నాటిక మీద ఏడుపా అని కూడా అన్నాను. "ఇంక ఈ వారమే. శనివారానికి దారిలోకి రాకపోతే ఆదివారం నుంచి గుమాస్తా రమణమూర్తే" అన్నాను. ముగ్గురూ విన్నారు. ఈసారి బెదిరింపు కాదు, నిజంగానే నిర్ణయించుకున్నాను.

మర్నాడు గురునాథం క్యూలన్నీ సరిగ్గా అందుకున్నాడు. ఎకో మాత్రం ముందుకంటే రెట్టింపైంది. అడిగితే, "ఏటీ పెట్టనేదు బావా" అని పచ్చి అబద్ధం.

శుక్రవారం నుంచి నాకు బి షిఫ్టు, అంటే మధ్యాహ్నం డ్యూటీ. పక్కవాణ్ణి బతిమాలి షిఫ్టు మార్చుకుని, వాళ్ళ ముగ్గురికీ చెప్పకుండా బస్సెక్కాను. నా డైలాగులు చదివి రిహార్సల్ నడిపించమని చంద్రికకి చెప్పాను. ఆ స్పీకర్లు నా చేత్తో పీకి, గుమాస్తా వేషం నీకు లేదు పో, అని అతని మొహం మీదే చెప్పి రావాలని నా ఉద్దేశం. బస్సులో గంటన్నర ఆ మాటలే రకరకాలుగా వల్లించుకున్నాను. డైలాగు రాయడం నాకేం కొత్త కాదు కదా.

మే నెల మధ్యాహ్నం, మూడున్నర. పూర్ణా మార్కెట్లో గోనెపట్టాలు తడిపి కూరల మీద కప్పుకుని కూర్చున్నారు. నిమ్మకాయల దుకాణం దాటుతుంటే చెవిలో ఓ గొంతు పడింది. "నాన్నా, మన బతుకేమవుతుంది నాన్నా!" శ్రీసత్య గొంతు! సీతమ్మధారలో కూర్చుని చెబుతున్న డైలాగు పూర్ణా మార్కెట్లో గుడి మైకులోంచి వచ్చినట్టు మోగుతోంది. నేను అక్కడే ఆగిపోయాను.

నిమ్మకాయల ఆవిడ నన్ను చూసి, "రోజూ ఇంతే బాబూ, ఈ ఏలకి అదే లారీ" అంది. తరవాత గొంతు తగ్గించి, "ఇంతకీ ఆ ముసలోడు రాత్తాడేటి, రాయడేటి? ఆకరిది ఒక్కసారీ ఇననివ్వరు" అంది.

నా నాటిక సందు సందుకీ తెలిసిపోయిందని సంతోషించాలో, పోటీలకి ముందే ఊరికి పంచిపెట్టినందుకు ఏడవాలో తెలియలేదు. పరుగులాంటి నడకతో ఆ ఇంటికి చేరాను.

తలుపు తీసే ఉంది. ముందుగదిలో, పెళ్ళి పందిళ్ళలో పెట్టే మనిషెత్తు స్పీకర్లు రెండు. వాటికి మూరెడు దూరంలో స్టూలు వేసుకుని గురునాథం కూర్చున్నాడు. హెడ్‌సెట్ చెవుల మీద లేదు, నిజంగానే నెత్తి మీద ఉంది, మైకు మాత్రం నోటి దగ్గరికి వంచి ఉంది. వీపు నావైపు. చేతిలో కాయితాలు లేవు. నాటిక మొత్తం నోటికి వచ్చేసింది మనిషికి. స్పీకర్లలోంచి వచ్చే గాలికి అతని చొక్కా కాలరు కదులుతోంది.

శ్రీసత్య డైలాగు అయిపోయింది.

"గురునాథం!" అన్నాను. రొప్పుతున్నానేమో, గొంతు పెద్దగా రాలేదు.

తిరగలేదు. రెండడుగులు లోపలికి వేసి మళ్ళీ పిలిచాను. మూడోసారి పిలిచాను. నేను వల్లించుకున్న మాటలన్నీ నాలుక చివరికి వచ్చేశాయి.

అప్పుడు స్పీకర్లలోంచి శ్రీసత్య గొంతు, "మాస్టారూ, మీరు అక్కడున్నారా? మీ పిలుపు వినబడుతోంది" అంది.

ఆ మాట గురునాథానికి వినబడింది. కంప్యూటర్ తెర దగ్గరికి వంగి, "బావ ఎక్కడున్నాడమ్మా? బావా, వచ్చేవా? ఏటి ఆలీసం?" అని తెరని అడుగుతున్నాడు.

అతని వీపుకి నాలుగడుగుల దూరంలో నేను నిలబడి ఉన్నాను.

లోపలి గుమ్మంలోంచి అతని భార్య అసిరమ్మ వచ్చింది. నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"ఎనకాల నించి ఎంత పిలిసినా అంతే బాబూ. మూడేల్లయ్యింది సెవులు పోయి. ఆ సుత్తుల మోతలో పోయాయన్నారు డాకటరు గారు. ఎదరకెల్లి నిలబడండి, పెదాలు సూసి పోల్చుకుంటారు."

మైకు తెరిచే ఉంది. ఆ మాట సీతమ్మధార వెళ్ళింది, ద్వారకానగర్ వెళ్ళింది, దువ్వాడలో మా ఇంటికీ వెళ్ళింది.

సిగ్గేసింది. మూడేళ్ళు. నీకు చెవుడా, నీకు చెవుడా అని వారానికి ఎన్నిసార్లు అన్నానో. జనం నవ్వుతారని తెలిసి మరీ అన్నాను. రమణమూర్తిని, శ్రీసత్యనీ ప్రేక్షకుల వైపే తిరిగి చెప్పమని నేర్పింది నేను. అతనికి వాళ్ళ పెదాలు కనబడకుండా చేసింది నేను. అక్కడ వదిలిన ప్రతి క్యూ నేను లాక్కున్నదే. ఆ పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టుకుని, దగ్గరగా కూర్చుని, ఒళ్ళంతా చెవులు చేసుకుని అతను నా నాటికని నిలబెడుతుంటే, వాటిని పీకడానికి బస్సెక్కి వచ్చాను.

అసిరమ్మ చూపు పట్టుకుని గురునాథం వెనక్కి తిరిగాడు. నన్ను చూశాడు, మళ్ళీ అసిరమ్మ మొహం చూశాడు. ఆవిడ ఏం చెప్పిందో అతనికి అర్థమైంది.

గబగబా లేచి స్పీకర్ల మీట తిప్పేశాడు. "తగ్గించేత్తాను బావా, తగ్గించేత్తాను. ఎకో వత్తాందని తెలుసు. మీకు ఇబ్బందని తెలుసు. ఆ సిన్న టోపీలో మాట నాకు అందడం నేదు, మరేటి సేత్తాను?" ఇంకో స్టూలు నాకోసం తుడుస్తున్నాడు. "ఇంక ఏసం రమణమూర్తికి ఇచ్చీ. ఆడు బాగా సేత్తాడు. నాను ఆకరి వరసలో కూకుని సూత్తాను."

మీట తిప్పేశాడు కదా, స్పీకర్లలో మాట ఇప్పుడు సన్నగా వస్తోంది. అతనికి వినబడదు, నాకు వినబడుతోంది. రమణమూర్తి అంటున్నాడు.

"గురువుగారూ, నాకు ఆ వేషం వద్దండీ. నేనాయన మొహం చూసి చెబుతాను. ప్రేక్షకులకి నా వీపు కనబడితే కనబడనివ్వండి. మార్కులు పోతే పోనివ్వండి."

"నేను కూడా మాస్టారూ" అంది శ్రీసత్య.

"ఏటంతన్నారు?" అన్నాడు గురునాథం, నా మొహం వైపు చూస్తూ.

అతన్ని కూర్చోబెట్టి, నేను ఆ స్టూలు లాక్కుని ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాను. వాళ్ళన్నది పెదాలు కదిపి కదిపి చెప్పాను. వేషం నీదేనని చెప్పాను. అతను తల ఊపాడు గానీ నమ్మినట్టు లేడు. అంతలో నాకు మళ్ళీ కోపం వచ్చేసింది, ఈసారి ఎవరిమీదో నాకే తెలియదు.

"మూడేళ్ళు నా చేత అన్ని తిట్లు తిన్నావు కదయ్యా! ఒక్కసారైనా చెప్పొచ్చు కదా? నోరు లేదా నీకు?"

గురునాథం నవ్వాడు.

"సెప్తే నువ్వు తిట్టడం మానేత్తావు బావా."

"మానేస్తే?"

"సెవులు పోయాయని తెలిసిన కాడ్నించీ పనికాడ అందరూ సైగలే. ఈవిడా సైగలే, పాపం, అరిసి అరిసి గొంతు పోతాందని. నాతో మాటాడ్డమే మానేసినారు. గట్టిగా మాట అంతన్నోడివి నువ్వొక్కడివే. వారానికోసారి నీ తిట్లు ఇందారనే రిగార్సల్‌కి వచ్చీవోణ్ణి."

అసిరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. స్పీకర్లలో ఎవరో ముక్కు ఎగబీల్చారు, మా చంద్రికేమో. నేనేదో అన్నాను. ఏమన్నానో నాకే వినబడలేదు.

అతను నా పెదాల వైపే చూస్తున్నాడు. "గట్టిగా బావా" అన్నాడు.

"మొదటి పేజీ నుంచి మొదలుపెట్టవయ్యా! ఇంకా రెండు వారాలే ఉంది, ఇలా కబుర్లు చెబుతూ కూర్చుంటే నాటిక ఎవడాడతాడు?" అని అరిచాను.

"అలాగే బావా" అని గురునాథం చెయ్యి చాపి స్పీకర్లు పూర్తిగా పెంచాడు.